గుడారాల ముందు తాత సైకిలు

మా ఇంట్లో గోడకు ఒక ఫోటో ఉంది. అందులో మా తాత సైకిలు పట్టుకుని నిలబడి ఉంటాడు, వెనక వరసగా గుడారాలు. ఇంటికి ఎవరొచ్చినా మా నాయన వాళ్లను దాని ముందుకు తీసుకుపోయి, "ఇది 1953 అక్టోబర్ ఒకటో తేదీ, కర్నూలు రాజధాని అయిన రోజు, నెహ్రూను చూడ్డానికి పోయినప్పుడు తీసింది" అని చెప్తాడు. వచ్చినవాళ్లు అవునా అంటారు, టీ తాగుతారు, పోతారు. నేనూ అదే నమ్మాను. నమ్మడమేంటి, స్కూల్లో వ్యాసరచన పోటీలో ఆ ఫోటో గురించే రాస్తే బహుమతిగా స్టీలు గ్లాసు ఇచ్చారు. మొన్న ఎండాకాలంలో ఆ గ్లాసు వెనక్కి ఇచ్చేయాల్సిన పరిస్థితి వచ్చింది.

మా నాయన ఊరికే చెప్పలేదు లెండి. కర్నూలోళ్లకు గుడారాలంటే ఒకటే గుర్తుకొస్తుంది. 1952 డిసెంబర్‌లో పొట్టి శ్రీరాములు చనిపోయాక గొడవలు జరిగి, చివరికి 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి, నెహ్రూ స్వయంగా కర్నూలుకొచ్చి ప్రారంభించాడు. రాజధాని అయితే ఇచ్చారు గానీ ఊళ్లో ఆఫీసులకు సరిపోయే కట్టడాలెక్కడివి, వచ్చిన ఉద్యోగులకు ఇళ్లెక్కడివి, అందుకే గుడారాలు వేశారు. ఇప్పుడు మనం ఆటోవాడికి బీ క్యాంపు, సీ క్యాంపు అని చెప్తున్నామే, ఆ పేర్లు ఆ కాలానివే. సరిగ్గా మూడేళ్లు గడిచాయో లేదో 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని హైదరాబాదుకు పోయింది, క్యాంపుల పేర్లు మాత్రం మనకు మిగిలాయి. కాబట్టి కర్నూలు, పాత ఫోటో, గుడారాలు అనగానే ఎవరైనా 1953 అనే అంటారు.

ఆ ఫోటో మాకు అంత ముఖ్యం కావడానికి ఇంకో కారణం ఉంది, అది మిగిలిన ఒక్కటే ఒక్కటి. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీదికొచ్చినప్పుడు మా ఇల్లు పాతబస్తీలోనే ఉండేది. ప్రాణాలతో బయటపడ్డాం, అది చాలు. నీళ్లు తీసినాక వచ్చి చూస్తే బీరువాలో ఉన్న ఆల్బమ్‌లు మొత్తం బురద ముద్దలు. అప్పుడు మాకు తెలీక చేసిన పెద్ద తప్పు ఏంటంటే, ఆల్బమ్‌లను అట్లే మూసి మిద్దె మీద ఎండకు పెట్టాం. ఫోటో కాగితం మీద బొమ్మ ఉండేది జిలాటిన్ పొరలో, అది తడిస్తే ఉబ్బి బంక అవుతుంది, ఎండితే పక్కదానికి అతుక్కుపోతుంది. నేను మా అమ్మ పెళ్లి ఫోటోను దాని మీది ప్లాస్టిక్ కాగితం నుంచి లాగితే అమ్మ ముఖం ప్లాస్టిక్‌తో పాటు వచ్చేసింది, కింద తెల్ల కాగితం మిగిలింది. తడిగా ఉన్నప్పుడే మంచినీళ్లలో వేసి ఒక్కొక్కటే మెల్లగా విడదీసి, బొమ్మ పైకి ఉండేట్టు నీడలో ఆరబెట్టుంటే సగమన్నా దక్కేవి. ఈ సంగతి నాకు పదేళ్ల తర్వాత తెలిసింది.

తాత ఫోటో గోడకు పైన, దేవుడి పటాల వరసలో ఉండబట్టి బతికింది. తేమకు అద్దానికి అతుక్కుంది గానీ బొమ్మ చెడలేదు.

మాకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది, పాత ఫోటోల పిచ్చి ఉన్నవాళ్లం నలభై మందిమి. కర్నూలు, అనంతపురం, కడప వాళ్లు, ఇక్కడ పుట్టి బెంగళూరులో హైదరాబాదులో ఉన్నవాళ్లు. రిటైరైన పోస్టుమాస్టరు ఒకాయన, తాడిపత్రిలో ఎలక్ట్రికల్ షాపు నడిపే అన్న, ఇద్దరు లెక్చరర్లు, ఇంజనీరింగ్ పిల్లలు కొందరు, ఇట్లా. నియమాలు మూడే. గుడ్ మార్నింగులు పెట్టకూడదు, రాజకీయాలు మాట్లాడకూడదు, ఫోటో పంపితే డాక్యుమెంటుగా పంపాలి. మూడోది అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే మామూలుగా పంపితే వాట్సాప్ ఆ ఫోటోను పిండి పిండి చేసి పంపుతుంది, వెనక ఉన్న బోర్డు మీద ఏం రాసుందో చదవలేం. మాకు కావల్సింది ఎప్పుడూ ఆ వెనకదే. ముందర నిలబడ్డ పెద్దమనిషి ఎవరైతే మాకేంటి.

నేను తాత ఫోటోను ఫ్రేము నుంచి తీయకుండా, అద్దంతో సహా స్కానర్ మీద పెట్టి 1200 డీపీఐలో స్కాన్ చేశాను. అతుక్కున్న ఫోటోను అద్దం నుంచి పీకొద్దు, ఎవరు చెప్పినా వినొద్దు, మా అమ్మ ముఖం గుర్తు పెట్టుకోండి. "కర్నూలు, 1953 అక్టోబర్ 1, మా తాత" అని రాసి గర్వంగా గ్రూపులో వేశాను. పొద్దున ఏడింటికి వేస్తే తొమ్మిదింటికల్లా దండాలు, చప్పట్లు, ఒకాయన ఏకంగా కళ్లనీళ్ల బొమ్మలు పెట్టాడు. మధ్యాహ్నం పోస్టుమాస్టరు సారు ఒక్క ముక్క పెట్టాడు: "కుడిపక్క మూలన చూడు నాయనా, ఆ టీ అంగడి పలకమీద ఏముంది?"

చూశాను. ఫోటోలో గోరంత ఉంటుంది ఆ పలక. పెద్దది చేస్తే "టీ 6 న.పై." అని ఉంది.

మీకు అర్థమయ్యే ఉంటుంది, నాకు మాత్రం ఐదు నిమిషాలు పట్టింది. న.పై. అంటే నయా పైసలు. మన దేశంలో దశాంశ నాణేలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. అంతకు ముందు రూపాయికి పదహారణాలు, అణాకు టీ. మారినాక అణాకు ఆరు నయా పైసలని లెక్క కట్టారు (కచ్చితంగా ఆరుంబావు వస్తుంది, ఆ పావు ఎవరి జేబులో పోయిందని మా జేజి చివరి దాకా అడిగేదట). "నయా" అనే మాటను 1964 జూన్‌లో తీసేశారు. అంటే తాత ఆ సైకిలు పట్టుకుని నిలబడింది 1957కు ముందు అయ్యే అవకాశమే లేదు. అప్పటికి రాజధాని పోయింది, నెహ్రూ సభ జరిగి మూడున్నరేళ్లు దాటింది.

"అట్లయితే వెనక 1953 అని రాసుంది కదా సార్" అన్నాను. ఫ్రేము వెనక అట్ట తీసి ఫోటో పెట్టాను కూడా. ఆయన దానికీ ఒకటే మాట: "బాల్ పెన్నుతో రాసుంది. ఎవరి చేతిరాతో ఇంట్లో అడుగు." అడగాల్సిన పనే లేదు, ఆ ఐదు అంకె కింద తోక అట్లా తిప్పేది మా నాయన ఒక్కడే. ఎనభైల్లో ఫ్రేము కట్టించినప్పుడు తను విన్నది తనే రాశాడు, రాసిందే మాకు సాక్ష్యం అయింది.

రెండు రోజులు నేను గ్రూపులో మాట్లాడలేదు. అలక కాదు గానీ, అలకే. ఎందుకంటే ఇదే పని నేను వేరేవాళ్ల ఫోటోలకు ఎన్నిసార్లు చేశానో. ఒకసారి ఒక పిల్లోడు "ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఒరిజినల్ ఫోటో" అని వేస్తే, ఆయన్ని కోయిలకుంట్లలో ఉరి తీసింది 1847లో, ఫోటో తీసే విద్య ప్రపంచానికి తెలిసిందే 1839లో, ఎనిమిదేళ్లలో అది రేనాటి పల్లెలకొచ్చి తిరుగుబాటుదారుడి ముందు కెమెరా పెట్టిందా అని నేనే ఎగతాళి చేశాను. ఆ పిల్లోడు గ్రూపు వదిలేసి పోయాడు. అట్లా మాట్లాడి ఉండకూడదు. పోస్టుమాస్టరు సారు నాతో మాట్లాడినట్టు మాట్లాడాల్సింది, ఏముందో చూడు నాయనా అని.

నిజానికి కాలం పట్టుకోవడం పెద్ద బ్రహ్మవిద్య కాదు, బోర్డులు చదవడం వస్తే చాలు. బస్సు మీద ఏపీఎస్‌ఆర్టీసీ అని ఉంటే ఆ సంస్థ ఏర్పడిన 1958కి ముందుది కాదు. స్టూడియో ముద్రలో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు తర్వాతే. రాతి మీద మైళ్లున్నాయా కిలోమీటర్లున్నాయా, కొలాయి దగ్గర ఇత్తడి బిందెలా ప్లాస్టిక్ బిందెలా, ఇట్లా. చదరంగా ఉన్న నలుపు తెలుపు ప్రింటు అయితే అరవైల్లో డెబ్బైల్లో ఇంటింటా తిరిగిన ఆగ్ఫా క్లిక్ లాంటి డబ్బా కెమెరా అయ్యే అవకాశం ఎక్కువ. ఒక్కోసారి నెగెటివ్ తిరగేసి ప్రింటు వేసి ఉంటారు, అప్పుడు షాపు బోర్డు మీది అక్షరాలు అద్దంలో చూసినట్టు ఉంటాయి, మనుషులంతా పైటలు రెండో పక్క వేసుకుని ఉంటారు.

ఇప్పుడు దీనికొక కొత్త తలనొప్పి వచ్చింది, ఫోటోను "బాగు చేసే" యాప్‌లు. ముఖాలు నున్నగా చేస్తాయి, చీరలకు రంగులు పూస్తాయి. మా పెద్దనాయన కొడుకు తాత ఫోటోను అందులో వేసి పంపాడు. తాత సినిమా హీరో అయిపోయాడు, సైకిలుకు ఎర్ర రంగు వచ్చింది, టీ అంగడి పలక మీద అక్షరాలు జిలేబీలు అయ్యాయి. ఆ యాప్‌కు తెలుగు రాదు, రాని చోట ఊరుకోకుండా ఏదో ఒకటి గీకేస్తుంది. నేను ముందే ఆ పని చేసుంటే నయా పైసలు శాశ్వతంగా పోయేవి. రంగులు వేసుకోవాలంటే వేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు, అసలుది మాత్రం పక్కన పెట్టుకోండి.

అలక తీరినాక గ్రూపు తెరిస్తే తాడిపత్రి అన్న ఒక పెద్ద పని చేసి కూర్చున్నాడు. 1860ల చివర్లో ఎడ్మండ్ లయన్ అనే ఆయన దక్షిణాదిలో గుళ్లన్నీ ఫోటోలు తీసుకుంటూ తాడిపత్రికీ వచ్చాడు. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి ఉంది కదా, పై అంతస్తులు లేకుండా రాతిపనితో ఆగిపోయిన గోపురం, దాన్ని తీశాడు. అన్న ఆ ఫోటో ప్రింటు తీసుకుపోయి, అదే చోట నిలబడి అదే కోణంలో తీయాలని మూడు ఆదివారాలు తిరిగాడు. ఏ పూట తీశాడో తెలుసుకోవడానికి అన్న చూసింది గోపురాన్ని కాదు, గోపురం మీద పడ్డ నీడను. నీడ ఎంత దూరం వచ్చిందో చూసి పొద్దున పూట తీసిందని పట్టుకున్నాడు. చివరికి చోటు దొరికింది గానీ అడ్డంగా కరెంటు తీగలు. "కరెంటు సామాను అమ్ముకునేవాన్ని నేనే, ఎవుర్ని తిట్టాలప్పా" అని రాశాడు. హంపిలో ఇట్లాంటి పని పెద్ద ఎత్తున జరిగింది. 1856 ప్రాంతంలో అలెగ్జాండర్ గ్రీన్‌లా అనే సైన్యాధికారి మైనపు కాగితం నెగెటివ్‌ల మీద హంపిని తీస్తే, 1980ల్లో ఆస్ట్రేలియా ఫోటోగ్రాఫర్ జాన్ గోలింగ్స్ వచ్చి అవే చోట్ల నిలబడి మళ్లీ తీశాడు. ఆయనకు గ్రాంట్లు గట్రా ఉండి ఉంటాయి, మా అన్నకు టీవీఎస్ ఎక్సెల్ ఉంది.

తాడిపత్రి ఫోటో చూసి ఒక ఇంజనీరింగ్ పాప అడిగింది, అంత పెద్ద గుడి దగ్గర ఒక్క మనిషీ లేడేంటన్నా అని. మంచి ప్రశ్న. ఆ రోజుల్లో గాజుపలక మీద బొమ్మ పడాలంటే కెమెరా మూత తీసి సెకన్ల తరబడి ఆగాలి, నడుస్తున్న మనిషి అందులో నిలవడు, పొగలాగా కరిగిపోతాడు. పైగా చాలామంది వాడిన తడి కొలోడియన్ పద్ధతిలో గాజుపలకకు అక్కడికక్కడే మందు పూసి, ఆరకముందే ఫోటో తీసి, ఆరకముందే కడగాలి. అందుకే ఆ కాలం ఫోటోగ్రాఫర్లు చీకటి గదిగా పనికొచ్చే ఒక చిన్న గుడారాన్ని వెంట మోసుకు తిరిగేవాళ్లు. అనంతపురం జిల్లా ఎండలో, నల్ల గుడారంలో, మందుల వాసన మధ్య. తల్చుకుంటేనే చెమటలు పడతాయి. ఇంకో ఉపయోగపడే మాట, ఇట్లాంటివి వెతకాలంటే తాడిపత్రి అని కొడితే చాలాసార్లు ఏమీ దొరకదు, తెల్లోళ్లు దాన్ని తార్పుత్రి అని రాసుకున్నారు. కడపను 2005 దాకా సర్కారు కాగితాల్లో కడ్డపా అనే రాశాం, అదీ అంతే. లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీ మీద 2023 అక్టోబర్‌లో సైబర్ దాడి జరిగి మేము దాచుకున్న లింకులు చాలా పనిచేయకుండా పోయాయి, అప్పట్నుంచి కనిపించిందల్లా దించుకుని పెట్టుకోవడమే మా పని.

ఒక రకం ఫోటోలు మాత్రం నేను గ్రూపులో వేయనివ్వను. ఎముకల గూళ్లలాంటి మనుషుల్ని వరసగా కూర్చోబెట్టి తీసిన కరువు ఫోటోలు మీకూ వచ్చే ఉంటాయి, "బెంగాల్ కరువు 1943" అని ఒకసారి, "మన సీమ కరువు" అని ఇంకోసారి. వాటిలో చాలావరకు విల్లోబీ హూపర్ అనే సైన్యాధికారి 1876-78 కరువులో మద్రాసు ప్రెసిడెన్సీలో తీసినవి. మన పెద్దోళ్లు ధాత కరువు అనేది అదే, 1876 ధాత నామ సంవత్సరం. దత్తమండలం, అంటే మన సీమ, ఆ కరువులో ఎంత నాశనమైందంటే 1881 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా జనం 1871 కంటే తగ్గారు. ఆ ఫోటోలు చూస్తే తెలుస్తుంది, ఎవరో వాళ్లను ఇట్లా కూర్చోండి అట్లా తిరగండి అని సర్దారు. తిండి లేక చస్తున్న మనిషిని కెమెరాకు సర్దినోడి ఫోటోను, ఊరు పేరు తెలీకుండా, "షాకింగ్" అని రాసి పంచుకోవడం నాకు నచ్చదు. చరిత్ర తెలియాలి కదన్నా అని ఒకరిద్దరు వాదించారు. సంవత్సరం, తీసినవాడి పేరు, ఎందుకు తీశాడో నాలుగు మాటలు రాసి వేయండి, నేను అడ్డం రాను అన్నాను. ఎవరూ రాయలేదు.

ఇంకొకాయన ఉన్నాడు, ఎప్పుడూ ఏమీ మాట్లాడడు. శ్రీశైలం డ్యాము నీళ్లలో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్లు పోయాయి కదా, అందులో ఒక ఊరు ఆయనది. సంగమేశ్వరం గుడి ఎండాకాలంలో నీళ్లు తగ్గితే బయటికొస్తుందని మనం కార్లేసుకుని పోయి ఫోటోలు దిగుతాం. ఆయన ఊరికి అట్లా బయటికొచ్చే గుడి కూడా లేదు. ఆయన దగ్గర ఉన్నది వాళ్ల అక్క పెళ్లి ఫోటో ఒకటి, ఇంటి ముందు తీసింది. దాన్ని ఆయన వేసినప్పుడు మేమంతా మామూలుగా నగలు చూశాం, పెళ్లికొడుకు గడియారం చూశాం. ఆయన అడిగింది వేరు. పెళ్లికూతురు తల పక్కన ద్వారబంధం కమ్మీ కొంచెం కనిపిస్తుంది, దాని మీద చెక్కిన చిలకను మీలో ఎవరన్నా స్పష్టంగా చేసి ఇస్తారా అని. ఇంజనీరింగ్ పాప వారం కూర్చుని, యాప్‌లు వాడకుండా, వెలుగు నీడలు సర్ది చిలకను బయటికి తీసింది. ముక్కు, రెక్క, ఒక కాలు. ఆయన ఒక దండం పెట్టాడు, అంతే.

సరే, గుడారాల దగ్గరికొస్తా.

రాజధాని కాకపోతే ఆ గుడారాలు ఏంటనేది మిగిలిపోయింది. ఎగ్జిబిషన్ అన్నారు, తిరునాళ్ల అన్నారు, పోలీసుల క్యాంపు అన్నారు. రెండో గుడారం పక్కన నల్లగా, లావుగా, పొడుగ్గా ఏదో ఉంది, అది నీళ్ల ట్యాంకు కాలని ఒకరు, చెట్టు మాను అని ఒకరు. నాకు ఆదోనిలో మేనత్త ఉంది, మా నాయన కంటే ఐదేళ్లు పెద్దది. ఇంతకాలం ఆమెను ఎందుకు అడగలేదో నాకే తెలీదు. వీడియో కాల్ చేసి ఫోటో చూపిస్తే అద్దాలు పెట్టుకోను కూడా పెట్టుకోలేదు.

"అది సర్కస్ గదరా అబ్బీ! నన్ను సైకిలు ముందర కూచోబెట్టుకోని పోయినాడు మా నాయన. ఏనుగును చూసి నేను ఒకటే ఏడుపు, దిగనంటే దిగను. సర్కస్సోళ్ల పక్కన ఫోటో తీసేటోడు ఉంటే, నన్ను యాడనో మా పెదమ్మకిచ్చి ఈయన ఒక్కడే దిగినాడు."

"మరి నెహ్రూను చూడలేదా తాత?"

"ఎందుకు చూడలా! ఆ మీటింగుకు పోయినాడు, జనంలో చెప్పు పోగొట్టుకోని వచ్చినాడు. మా అమ్మ ఎన్ని దినాలు తిట్టిందో. ఆ పొద్దు ఫోటో ఎవురు తీస్తారు మనల్ని?"

ఫోన్ పెట్టేసి ఫోటోను మళ్లీ పెద్దది చేశాను. ఆ నల్లటిది చెట్టు మాను కాదు. కింద గోళ్లు ఉన్నాయి, మూడు స్పష్టంగా లెక్కపెట్టొచ్చు, వాటి పైన గొలుసు చుట్టి ఉంది. నలభై మంది పదిహేను రోజులు ఏనుగు కాలును పట్టుకుని నీళ్ల ట్యాంకని వాదించుకున్నాం.

నాయనకు చెప్పడానికి టెన్షన్ పడ్డాను. ఆయన అంతా విని, ఫోన్లో ఆ గోళ్లను రెండు వేళ్లతో పెద్దవి చేసి చూసి, చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "మీ అత్త ఏడుపుగొట్టుదే" అన్నాడు. పోయిన ఆదివారం మా కొత్త ఎదురింటాయన వస్తే మళ్లీ ఫోటో ముందుకు తీసుకుపోయాడు. నేను వంటింట్లోంచి చెవులు రిక్కించాను. "ఇక్కడ చూడండి, ఇది ఏనుగు కాలు" అని మొదలుపెట్టి, నయా పైసలు చూపించి, అన్నీ చెప్పి, చివర్లో "మా నాయన నెహ్రూను చూసింది మాత్రం నిజం, చెప్పు కూడా పోయింది" అని ముగించాడు.

అందుకే అడుగుతున్నా. 1953 అక్టోబర్ 1న కర్నూలు సభలో నాయకులు కాకుండా జనం కనిపించే ఫోటో ఎవరింట్లోనైనా ఉంటే పంపండి, డాక్యుమెంటుగా పంపండి. మా తాత పొడగరి, తెల్ల తలపాగా, ఎడమ చెవి పైన కొంచెం మడత పడి ఉంటుంది.